అరుగు, అంగడి, మైదానం: ఆటల్లో ఆడపిల్లల చోటు

వీడియోగేములు వచ్చి పిల్లల ఆటలన్నీ పాడయ్యాయన్న మాట మనం తరచు వింటూంటాం. పత్రికల వ్యాసాలూ, ఉపాధ్యాయుల ఉపన్యాసాలూ, తల్లిదండ్రుల నిట్టూర్పులూ అన్నిటి సారాంశమూ ఒకటే - మైదానంలో ఉండవలసిన పిల్లవాడు తెర ముందు కూర్చున్నాడని. ఆ వాక్యంలో "పిల్లవాడు" అన్న మాటను కాస్త పట్టి చూడండి. ఏదో వ్యాకరణ సౌలభ్యం కోసం వాడిన పుంలింగం అనుకుంటాం గాని, ఆ బాధ నిజంగా పిల్లవాడి గురించినదే. మరి పిల్ల సంగతి? తెర వచ్చి లాక్కుపోవడానికి ఆమె మైదానంలో ఎప్పుడున్నది గనక?

ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడవడానికి మా అనంతపురం దక్షిణభాగం అనువైన చోటు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి పేర్లు చదువరులకు పరిచయమే. ఆమడగూరు పేరు విననివారుంటారు. కర్ణాటక సరిహద్దు నానుకుని ఉన్న మండలమది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలోనిది, ఆపైన శ్రీసత్యసాయి జిల్లాలోనిది. వేరుశనగ, వానకోసం ఎదురుచూపు, పనికోసం బెంగళూరు ప్రయాణం - అక్కడి బతుకును మూడు మాటల్లో చెప్పమంటే ఇవే చెబుతాను. ఊరిపేరు వ్యుత్పత్తి జోలికి పోను గాని, ఆమడ అన్న మాట అందులో వినబడుతూనే ఉంటుంది. ఆమడ అంటే నాలుగు క్రోసులు, మన లెక్కలో ఎనిమిది పది మైళ్ళు. నేను చెప్పబోయేది ముఖ్యంగా దూరాల గురించి కాబట్టి ఈ ఊరినే కొలబద్దగా పెట్టుకుంటున్నాను.

ముందుగా ఒక పాత అభిప్రాయం సంగతి చూద్దాం. స్త్రీలు ఒళ్ళు వంచి ఆడే ఆటలకు దూరంగా ఉండటం మన అనాది ఆచారమని చాలామంది నమ్మకం. విజయనగరం చూసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్, అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542), రాజుగారి అంతఃపురంలోని వేలాదిమంది స్త్రీలను వర్ణిస్తూ వారిలో కుస్తీ పట్టేవారున్నారని రాశాడు. జ్యోతిషం చెప్పేవారు, ఖర్చుల పద్దులు రాసేవారు, సంగీతం వాయించేవారు - వీరందరితో పాటే మల్లయోధురాళ్ళను కూడా మామూలు ఉద్యోగుల్లాగా లెక్కవేశాడు. హంపీలో మహానవమి దిబ్బ రాతిపలకల మీద వేటాడుతున్న స్త్రీలు కనబడతారు. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి ఆలయం అచ్యుతరాయల కాలానిదే. 1565 యుద్ధం తర్వాత రాజధాని వచ్చింది మన పెనుకొండకే. అంటే ఆడది కుస్తీ పట్టడం ఈ గడ్డకు కొత్త సంగతి కాదన్నమాట.

ఐతే మురిసిపోయే ముందు ఒకటి గమనించాలి. నూనిజ్ చెప్పిన ఆ స్త్రీలందరూ గుమ్మం లోపలివారు. అంతఃపురం లోపల ఆడది కుస్తీ పట్టవచ్చు, కత్తి తిప్పవచ్చు, రాజ్యపు పద్దులు రాయవచ్చు. లోపల ఉన్నంతవరకు ఏ పనికీ ఆటంకం లేదు. మన సమాజం స్త్రీకి పెట్టిన హద్దు పని దగ్గర కంటే చోటు దగ్గర గట్టిగా ఉందని నా అభిప్రాయం. ఆటల విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

పల్లె ఆటల జాబితా వేసుకుని చూడండి. చెడుగుడు, బిళ్ళంగోడు, గోలీలు, బొంగరాలు, కోతికొమ్మచ్చి ఒకవైపు. వామనగుంటలు, అచ్చనగండ్లు, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ళ రెండోవైపు. మొదటివి బలానికి, రెండోవి లాఘవానికి అని మనవాళ్ళు వివరణ చెబుతారు. నాకది నచ్చదు. గోలీలకు బలమేం కావాలి? వేలికొనన ఉండే నేర్పే కావాలి గదా! అదే నేర్పు అచ్చనగండ్లకూ కావాలి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద ఎండలో అరగంట గెంతే పిల్లకు దమ్ము లేదని ఎవరనగలరు? భేదం మరోచోట ఉంది. మగపిల్లల ఆటలు ఊరి మీదికి పరుచుకుంటాయి - వీధి, చెరువుకట్ట, కోతలైన చేను, చింతతోపు. ఆడపిల్లల ఆటలు కేకవేస్తే వినబడేటంత దూరంలో ముగుస్తాయి. అరుగు మీద, వాకిట్లో, గుడిమంటపంలో. "ఏమే, ఇట్లా రా" అని అమ్మ పిలిస్తే, చేతిలో గింజలు గుంటలో వదిలేసి లేచి పోవడానికి వీలుండాలి. వామనగుంటల ఆటను ఎక్కడైనా ఆపవచ్చు, మళ్ళీ ఎక్కడినుంచైనా అందుకోవచ్చు. చెడుగుడును కూత మధ్యలో ఆపలేం.

పిల్ల పెద్దమనిషి అయిన తర్వాత తొక్కుడుబిళ్ళ కూడా పోయేది. వామనగుంటలు మాత్రం మిగిలేవి, అవి కూర్చుని ఆడేవి కాబట్టి.

కాలం సంగతి కూడా చెప్పాలి. ఆడుకోవడానికి చోటెంత అవసరమో పొద్దూ అంతే అవసరం. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చునేది ఎక్కువగా మగవాడే గాని, ఆ మగ్గం నడవడానికి ఆసు పోసేది, కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్ళు, ఆడపిల్లలు. ఆమడగూరు వంటి మెట్టపల్లెల్లో విత్తనపు కాయలు ఒలిచేది, నీళ్ళబిందె మోసేది, చంటిపిల్లను చంకనేసుకునేది ఎవరో చెప్పనక్కరలేదు. బడి విడిచిన తర్వాత చీకటి పడేదాకా ఉండే ఆ రెండు గంటలే లోకంలో సగం ఆటగాళ్ళను తయారుచేస్తాయి. మగపిల్లవాడికి అది ఆటవేళ. ఆడపిల్లకు అది పనివేళ.

ఇప్పుడు కాసేపు దేశం దాటి పోదాం. వీడియోగేముల చరిత్ర, స్త్రీల క్రీడల చరిత్ర ఒకే ఏట మలుపు తిరిగాయి. 1972 జూన్‌లో అమెరికా విద్యాచట్టంలో తొమ్మిదో శీర్షిక వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో లింగవివక్ష కూడదని దాని సారాంశం. చట్టంలో క్రీడల ప్రస్తావన లేకపోయినా దాని ఫలితం అన్నిటికన్నా బాగా కనబడింది మైదానాల్లోనే. అక్కడి ఉన్నతపాఠశాలల జట్లలో 1971-72లో సుమారు మూడు లక్షలుండిన బాలికల సంఖ్య తర్వాతి దశాబ్దాల్లో ముప్పై లక్షలు దాటింది. బాలికలకు ఆటల మీద ఆసక్తి పదింతలైందని దీనికి అర్థం చెప్పలేం. తలుపు తీశారు, అంతే.

అదే 1972లో అటారీ సంస్థ "పాంగ్" అనే ఆటయంత్రాన్ని తయారుచేసి మొదటగా కాలిఫోర్నియాలోని ఒక మద్యశాలలో పెట్టింది. ఒక గీత, రెండు పలకలు, ఒక చుక్క. ఆడా మగా ఎవరైనా ఆడగలిగిన ఆట. కండబలంతో పనిలేదు, ఎత్తు పొడవులతో పనిలేదు, గాయాల భయం లేదు. క్రీడల్లో స్త్రీపురుష భేదానికి మనం చెప్పుకునే శరీరకారణాలన్నీ ఇక్కడ మాయమైపోయాయి. ఐనా ఇది మగవాళ్ళ ఆటగానే పెరిగింది. పుట్టిన చోటు అటువంటిది మరి! మద్యశాలల నుంచి ఆ యంత్రాలు చీకటిగదుల ఆటశాలలకు చేరాయి. 1980లో "పాక్‌మాన్" రూపకర్త తోరు ఇవతాని, ఆటశాలలు మగవాళ్ళతో నిండిపోయాయి, స్త్రీలు కూడా రావాలి అనే ఉద్దేశంతోనే తన ఆటను తిండి చుట్టూ అల్లానని చెప్పుకున్నాడు. అంటే ఎనిమిదేళ్ళు తిరిగేసరికే ఈ కొరత తయారీదార్లకు తెలిసిపోయింది. తయారుచేసేవారిలో స్త్రీలు లేకపోలేదు. 1982లో వచ్చిన "రివర్ రెయిడ్" అనే విమానపు ఆటను రాసింది కెరోల్ షా. అది ఆడిన మగపిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసో! 1983లో అమెరికాలో వీడియోగేముల వ్యాపారం కుప్పకూలింది. తర్వాత నింటెండో వచ్చి దాన్ని బొమ్మల దుకాణాల దారిన మళ్ళీ నిలబెట్టింది. ఆ దుకాణాల్లో మగపిల్లల వరుస, ఆడపిల్లల వరుస వేరు. ఆటయంత్రం మగపిల్లల వరుసలోకి పోయింది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చింది. 1990లలో "సమురాయ్", "లిటిల్ మాస్టర్" వంటి పేర్లతో నింటెండోకు నకలు యంత్రాలు, వాటిలో పెట్టే కేసెట్లు అంగళ్ళలో దొరికేవి. మారియో, కాంట్రా ఆ తరానికి కంఠోపాఠం. ఇంట్లో కొనుక్కునే స్తోమత ఉన్నవారు తక్కువ. అంచేత హిందూపురం, కదిరి, ధర్మవరం వంటి ఊళ్ళలో గంటల లెక్కన ఆడించే దుకాణాలు వెలిశాయి. ఆమడగూరు వైపు పల్లెల పిల్లవాడు సంతకో, సినిమాకో కదిరి వచ్చినప్పుడు చేతిలో మిగిలిన చిల్లర అక్కడ వదిలి వెళ్ళేవాడు.

ఇక్కడొక వింత ఉంది. వీడియోగేము కూర్చుని ఆడేది, నీడపట్టున ఆడేది, వేళ్ళతో ఆడేది. మన పాత లెక్క ప్రకారం ఇది అచ్చంగా వామనగుంటల కోవకు చెందిన ఆట. ఆడపిల్లకు దక్కవలసిన ఆట. కాని దక్కలేదు. అది అరుగు మీదికి రాకుండా అంగట్లో దిగింది. సందులో ఇరుకుగది, మసకవెలుతురు, ముందర సైకిళ్ళ వరుస, లోపల అరుపులు. అటువంటి చోటికి పోతానని అడగాలన్న ఆలోచన కూడా ఆడపిల్లకు వచ్చేది కాదు. 2000 తర్వాత ఇంటర్నెట్ కేంద్రాలు వచ్చాయి, అక్కడా ఇదే తంతు. దరఖాస్తులు నింపడానికీ, పరీక్షాఫలితాలు చూసుకోవడానికీ ఆడపిల్లలు వచ్చేవారు. పని ముగియగానే వెళ్ళిపోయేవారు. ఆడుకుంటూ కూర్చునేవారు మగపిల్లలే.

కాబట్టి తెర వచ్చి మైదానాన్ని మింగిందన్న వాదం మగపిల్లవాడి జీవితానికి వర్తించవచ్చు. అతడికి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లోంచి బయటికొచ్చి రెండోదాంట్లో దూరాడు. ఆడపిల్లకు ఆ రెండు తలుపులకూ పడ్డ తాళం ఒక్కటే - ఒంటరిగా, పొద్దుగూకే వేళ, పనిలేకుండా, ఇంటికి దూరంగా ఉండకూడదన్న తాళం.

దీనివల్ల పోయిందేమిటని కొందరడుగుతారు. వీడియోగేము ఆడకపోతే కొంప మునిగిందా అని. టొరంటో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. వస్తువులను మనసులో తిప్పి చూసుకునే శక్తిలో, చూపును పంచి నిలిపే శక్తిలో స్త్రీపురుషుల సగటుల మధ్య భేదం కనబడుతుందన్నది మనస్తత్వశాస్త్రంలో పాతమాట. పదిగంటలపాటు వేగంగా సాగే వీడియోగేము ఆడించిన తర్వాత ఆ భేదం బాగా తగ్గిందని వారు చూపారు. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు కొద్దిమందే, దాన్ని మరీ మోయకూడదు. ఐనా సహజమని మనం అనుకునే వాటిలో అభ్యాసం పాలు ఎంత ఉందో అనుమానించడానికి అది చాలు. ఇంజనీరింగుకు పిల్లలను తోలే రాష్ట్రంలో ఈ సంగతి ఎవరికైనా పట్టాలి.

మరో నష్టం కంటికి కనబడేది. తెర మీది క్రీడాలోకంలో స్త్రీ అన్నదే లేదు. 2005 ఏప్రిల్ 10న మిథాలీ రాజ్ నాయకత్వంలో భారత మహిళాజట్టు మొట్టమొదటిసారి ప్రపంచకప్ ఫైనల్ ఆడింది, సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడింది. హైదరాబాదులో ఆట నేర్చిన అమ్మాయి జట్టును ఫైనల్ దాకా తీసుకుపోయిందన్నమాట! సరిగ్గా ఆ కాలంలోనే మన ఊళ్ళ ఇంటర్నెట్ కేంద్రాల్లో ఈఏ సంస్థవారి "క్రికెట్ 2005", ఆ వెనకే "క్రికెట్ 07" హోరెత్తిపోతున్నాయి. వాటిలో మహిళాజట్టు ఒక్కటైనా లేదు. ఫుట్‌బాల్‌లో "ఫిఫా 16" వచ్చి పన్నెండు దేశాల మహిళాజట్లను చేర్చేసరికి 2015 అయింది. క్రికెట్‌లో "యాషెస్ క్రికెట్" ఆస్ట్రేలియా, ఇంగ్లండు మహిళాజట్లను తెరకెక్కించేసరికి 2017 నవంబరు. నాలుగు నెలల ముందు, ఆ జూలైలో, లార్డ్స్ మైదానంలో మిథాలీ జట్టు రెండో ఫైనల్‌ను తొమ్మిది పరుగుల తేడాతో పోగొట్టుకుని మన దేశాన్నంతా టీవీల ముందు కూర్చోబెట్టింది. మైదానంలో ఆడవాళ్ళు తెరకంటే పుష్కరం ముందున్నారు. కొత్త సాధనం కొత్త భావాలు తెస్తుందనుకుంటాం గాని, ఇక్కడ కొత్త సాధనమే పాతభావాలను పట్టుకు వేలాడింది.

మైదానం ఎలా ముందుకు పోయింది? వెయిట్‌లిఫ్టింగ్‌లో శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు ఊరూరా ఆమె ఫొటో పత్రికల్లో చూశారు. ఫొటో చూస్తే ఉత్సాహం వస్తుంది, ఆట రాదు. ఆట రావాలంటే చోటు కావాలి. మన జిల్లాలో ఆ చోటు దొరికింది అనంతపురంలో. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు అక్కడ ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) బావులు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రుల తర్వాత ఆటల మీద దృష్టి పెట్టింది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ - పల్లెపిల్లలకు, అందులో ఆడపిల్లలకు కూడా. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ పేరున ఉన్న ఫౌండేషన్ సహకారంతో అక్కడే టెన్నిస్ పాఠశాల తెరిచారు, నాదల్ స్వయంగా వచ్చాడు.

స్పెయిన్‌వారి ఔదార్యాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు, అది చాలామంది చేశారు. ఇటువంటి శిక్షణాలయాలు ఏ అడ్డంకిని దాటించాయన్నది నాకు ముఖ్యం. ఆమడగూరు నుంచి అనంతపురం వంద కిలోమీటర్ల పైమాటే. ఆటకోసం ఆడపిల్ల రోజూ అంతదూరం పోయి వచ్చే ప్రశ్నే లేదు. హాస్టలు ఉంటేనే ఆ దూరం చెరుగుతుంది. పడుకోవడానికి చోటు, వేళకు తిండి, నేర్పే గురువు, ఇవి ఉన్నాయని తండ్రికి నమ్మకం కుదరాలి. "ఆడుకోవడానికి పోతాను" అంటే పంపని ఇల్లు "హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, ఆటకూడా నేర్పుతారు" అంటే పంపుతుంది. విజయనగరం అంతఃపురపు సూత్రమే ఇక్కడా పనిచేసిందని అనిపిస్తుంది నాకు, గోడ లోపల ఐతే కుస్తీకైనా అనుమతి ఉంటుందని. ఒక్క భేదం. ఈ గోడ దాటి పిల్లలు దేశాల మీద పడ్డారు.

నార్పల మండలం బండ్లపల్లి అనుష బారెడ్డి అట్లా ఆర్డీటీలో ఎదిగిన ఎడమచేతి స్పిన్ బౌలర్. (బండ్లపల్లి పేరు ఎక్కడో విన్నామనుకుంటున్నారా? 2006లో ఉపాధి హామీ పథకాన్ని దేశంలో ప్రారంభించిన ఊరదే.) 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారతజట్టుకు ఆడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉంది. ఆ ఆసియా క్రీడల్లోనే ఈ-స్పోర్ట్స్, అంటే పోటీస్థాయి వీడియోగేములు, మొదటిసారి పతకాల పట్టికకెక్కాయి. ఆడవారికి వేరే, మగవారికి వేరే అన్న విభజన వాటిలో లేదు. ఐనా తలుపు దాకా నడిచివచ్చిన స్త్రీలు బహుకొద్దిమంది. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే పక్షంలో జరిగాయి. శరీరబలం కావాలనే ఆటలో మన జిల్లా పల్లెపిల్ల ఉంది. శరీరబలంతో పనిలేని ఆటలో స్త్రీలకు కరవు.

సెల్‌ఫోను ఈ లెక్క మార్చిందా? కొంత మార్చింది. 2016లో చవక ఇంటర్నెట్ వచ్చి ఆటను అంగట్లోంచి ఇంట్లోకి తెచ్చింది. 2020 కరోనా నిర్బంధంలో అమ్మలూ పిన్నమ్మలూ లూడో కింగ్ ఆడారు. మన పచ్చీసు ఇంగ్లండు పోయి 1896లో లూడో అనే పేటెంటు పుచ్చుకుని, 2016లో ముంబాయి సంస్థ చేతిలో ఫోనుబొమ్మగా తిరిగొచ్చింది. అష్టాచెమ్మా ఆడిన అరుగుకే వచ్చి చేరింది. మగపిల్లలు అప్పటికే పబ్జీలో ఉన్నారు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించినప్పుడు ఊళ్ళలో ఏడ్చినవారెవరో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇంటికొచ్చినంత మాత్రాన ఫోను ఆడపిల్లదైపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాను సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో సుమారు 54 శాతమే. తక్కినవారికి అన్నదో నాన్నదో, వారు ఇచ్చినంతసేపు. పాటలు వినడానికైతే ఇస్తారు, ఆటకంటే "ఏం పనిలేదా?" అంటారు. అరుగు మీద వినబడిన కేకే ఇది.

2023 డిసెంబరులో మొదలై 2024 ఫిబ్రవరిలో ముగిసిన "ఆడుదాం ఆంధ్రా" పోటీలు గ్రామ సచివాలయం స్థాయిలో స్త్రీలకు కూడా క్రికెట్, కబడ్డీ, ఖోఖో పెట్టాయి. రాజకీయాల మాట అట్లా ఉంచితే, ఆటను ఊరి హద్దులోకి తేవడం మంచి ఆలోచన. ఒక సీజనుతో సరిపోయింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీల ఉచిత బస్సు ప్రయాణం ఆటల కోసం పెట్టింది కాదు, ఐనా మైదానానికి పోవాలనుకునే పిల్లకు అదే ఎక్కువ పనికి రావచ్చునని నాకనిపిస్తుంది.

2025 నవంబరు మన ప్రాంతానికి విచిత్రమైన మాసం. 2వ తేదీన నవీ ముంబాయిలో భారత మహిళలు మొదటిసారి వన్డే ప్రపంచకప్ గెలిచారు. పక్క కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. 23వ తేదీన కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌నూ భారతజట్టే, నేపాల్‌ను ఏడు వికెట్ల తేడాతో ఓడించి గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ టి. సి. దీపిక శ్రీసత్యసాయి జిల్లా అమ్మాయే, మడకశిర వైపు కర్ణాటక సరిహద్దు పల్లెలోనిది. అంధుల క్రికెట్‌లో ప్లాస్టిక్ బంతిలో లోహపు గుళ్ళు ఉంటాయి. చేతిని భుజం కిందుగా తిప్పి నేలబారుగా వేస్తారు. గుళ్ళ చప్పుడు విని బ్యాటు ఊపాలి. కన్నే ప్రాణమైన వీడియోగేముకు పూర్తిగా ఎదురుకొసన ఉన్న ఆట ఇది.

డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ జట్టును సన్మానించారు. ఆ సందర్భంలో దీపిక ఆయనను అడిగింది తన ఊరికి రోడ్డు వేయించమని.